సోషల్ పీరియడ్‌లో నిద్రెందుకు వస్తుంది? మాస్టారితో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా సోషల్ చెప్పి రిటైరైన మాస్టారు ఈ రోజు మనతో ఉన్నారు. చరిత్ర పాఠాల గురించి ఏమైనా అడగొచ్చు. మొదటి కాల్ బాపట్ల జిల్లా నుంచి. చెప్పండమ్మా.

మొదటి కాలర్: నమస్కారం మాస్టారూ. నేను హైస్కూల్లో సోషల్ చెప్తానండి. సహాయ నిరాకరణ ఉద్యమం పాఠం మొదలుపెట్టాను. మూడో నిమిషానికే వెనక బెంచీల్లో ఆవలింతలు. బోర్డు మీద తేదీలు రాస్తుంటే నాకే నిద్రొస్తోంది. పైగా భోజనం తర్వాత పీరియడ్.

మాస్టారు: భోజనం తర్వాత పీరియడ్ సోషల్‌కే ఎందుకు పడుతుందో, దాని చరిత్ర వేరే రాయాలమ్మా. (నవ్వు) మీ బడి చీరాలకు ఎంత దూరం?

మొదటి కాలర్: ఎనిమిది కిలోమీటర్లు ఉంటుందండీ.

మాస్టారు: పెరటి చెట్టు మందుకు పనికిరాదంటే ఇదే. చీరాల-పేరాల ఉద్యమాన్ని మనం ఒక బిట్టు చేసి వదిలేస్తాం. నాయకుడు ఎవరు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. అయిపోయింది, ఒక మార్కు. రేపు ఒక పని చేయండి. ఇంటి పన్ను రసీదులో ఎంత ఉందో పిల్లల్ని కాగితం మీద రాసుకు రమ్మనండి. రసీదు తేవద్దనండి, పోతే మీ మీదకొస్తారు. ఆ అంకె పక్కన ఒక సున్నా పెట్టించండి. "వచ్చే నెల నుంచి ఇంత కట్టాలని ఇంట్లో చెబితే మీ నాన్న ఏమంటాడ్రా?" అని అడగండి. ఆవలించేవాడు కూడా లేచి కూర్చుంటాడు.

మొదటి కాలర్: మా వాళ్లు బూతులే చెప్తారండి.

మాస్టారు: చెప్పనివ్వండి. ఆ తర్వాత అసలు సంగతిలోకి రండి. చీరాల, పేరాలను కలిపి మున్సిపాలిటీ చేశారు. ఏడాదికి 4 వేల రూపాయలు కట్టే జనం మీద ఏకంగా 40 వేలు పడింది. కట్టకపోతే జైలు. 1921లో గాంధీగారు చీరాల వచ్చినప్పుడు, ఊరు వదిలేస్తే మున్సిపాలిటీ ఎవరి మీద పన్ను వేస్తుందన్న ఆలోచన ముందుకొచ్చింది. నిజంగానే వదిలేశారమ్మా! వేల మంది ఊరి బయట పాకలు వేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టి, దాదాపు 11 నెలలున్నారు. నేను ఇది చెప్పినప్పుడు ఒక నేతగాళ్ల పిల్లవాడు లేచి, "సార్, గుంట మగ్గాన్ని ఎలా మోసుకెళ్లారు?" అన్నాడు. గుంట మగ్గం నేలలో ఉంటుంది కదా, మోయడం కుదరదు. అప్పటికి పదేళ్లుగా ఆ పాఠం చెప్తున్నాను. నాకు తట్టనేలేదు. ఇల్లు వదలడమంటే మన బోటివాళ్లకు ఇల్లే. వాళ్లకు పని కూడా పోయింది.

మొదటి కాలర్: మరి చివరికి ఏమైందని అడుగుతారండి.

మాస్టారు: అడుగుతారు. దుగ్గిరాల జైలుకెళ్లాడు, జనం మళ్లీ ఊళ్లోకి వచ్చారు, మున్సిపాలిటీ అలాగే ఉంది. "అయితే ఓడిపోయారా టీచర్?" అంటారు. మీరు జవాబు చెప్పకండి. క్లాసును రెండుగా చేసి వాదించుకోమనండి. గైడ్‌లో ఉండదు కాబట్టి కాపీ కొట్టడానికీ లేదు.

మొదటి కాలర్: సిలబస్ మాస్టారూ? నెలాఖరుకి పరీక్ష.

మాస్టారు: రెండు పీరియడ్లు చాలు. మిగతా పాఠాన్ని దీనికే తగిలించండి. చౌరీచౌరాలో జనం పోలీస్ స్టేషన్‌కు నిప్పు పెట్టి పోలీసుల్ని చంపాక, 1922 ఫిబ్రవరిలో గాంధీగారు ఉద్యమం ఆపేశారు కదా, ఇళ్లు వదిలిన చీరాల వాళ్లకు ఆ వార్త ఎలా వినిపించి ఉంటుంది? ఆ ఒక్క ప్రశ్నతో సగం పాఠం వస్తుంది. నేనూ మొదటి పదేళ్లు పుస్తకం చదివించి, ముఖ్యమైన లైన్ల కింద గీతలు గీయించినవాణ్ణే. మీరు కంగారు పడకండి.

యాంకర్: ఖమ్మం నుంచి పదో తరగతి బాబు లైన్లో ఉన్నాడు. చెప్పు నాన్నా.

రెండో కాలర్: సార్, నాకు తేదీలు గుర్తుండట్లేదు. మా సోషల్ పీరియడ్లు కూడా మ్యాథ్స్‌కే ఇచ్చేస్తున్నారు.

మాస్టారు: ఇచ్చేస్తారు, నాకు తెలుసురా. తేదీల సంగతి చూద్దాం. విడివిడిగా బట్టీ పట్టకు. మధ్యలో "అందుకని", "అయినా" పెట్టుకుని కథలా చెప్పుకో. 1952 అక్టోబర్ 19న పొట్టి శ్రీరాములు దీక్ష మొదలుపెట్టాడు, డిసెంబర్ 15న చనిపోయాడు. అందుకని గొడవలు, అందుకని 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం. తర్వాత తెలంగాణను కలిపి 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్. అయినా 1969లో తెలంగాణ ఉద్యమం. అలా 2014 జూన్ 2 దాకా రా. మీ అమ్మకు వంటింట్లో నిలబడి చెప్పు, ఎక్కడ ఆగిపోతే అక్కడే మళ్లీ చదువు.

రెండో కాలర్: మ్యాప్ పాయింటింగ్ సార్?

మాస్టారు: ముందు నదులు గీయి. ఊళ్లు వాటి ఒడ్డున పెట్టుకోవచ్చు. పెన్సిల్‌తోనే.

యాంకర్: సూర్యాపేట వైపు నుంచి ఇంకో టీచర్. నమస్తే సార్.

మూడో కాలర్: నమస్తే సార్. 1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ సంస్థానం ఇండియాల కలిసిన పాఠం చెప్తున్న. ఒక పిల్లగాడు లేచి "రజాకార్లు అంటే వీళ్లే కదా సార్" అని పక్కనున్న ముస్లిం పిల్లగాణ్ణి చూపించిండు. నాకేం చెప్పాలో తోచలేదు. పాఠం ఆపేసిన.

మాస్టారు: ఆపితే ఆపారు, వదిలేయకండి. మళ్లీ వెళ్లినప్పుడు షోయబుల్లా ఖాన్‌తో మొదలుపెట్టండి. ఇమ్రోజ్ అని ఉర్దూ పత్రిక నడిపాడు, ముప్పై కూడా నిండలేదు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో నడిరోడ్డు మీద చంపేశారు. చంపింది రజాకార్లు. చచ్చిపోయింది ముస్లిం. ఇది విన్నాక, రజాకార్లంటే ఖాసిం రజ్వీ నడిపిన దళమని ఆ పిల్లవాడికే అర్థమవుతుంది. తర్వాత రజాకార్లు ఊరివాళ్లను కాల్చి చంపిన బైరాన్‌పల్లి సంగతి చెప్పండి, మెత్తబరచకండి. ఆ వెంటనే పోలీసు చర్య, అంటే భారత సైన్యం హైదరాబాద్‌లోకి రావడం, సెప్టెంబర్ 13 నుంచి 17. ఆ తర్వాత చాలా చోట్ల ముస్లింలను చంపారని నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ బృందం రాసిందని, ఆ నివేదిక ఏళ్ల తరబడి బయటికి రాలేదని కూడా చెప్పాలి.

మూడో కాలర్: అన్నీ చెప్తే గందరగోళమైతది కదా సార్?

మాస్టారు: కొంచెం అవ్వనివ్వండి. 1946లో తెలంగాణ రైతు పోరాటంలో దొడ్డి కొమరయ్య ఎవరి మీద పోరాడుతూ చనిపోయాడు? నిజాం ఎదురుగా లేడు, ఊళ్లో ఉన్నది దొర. సెప్టెంబర్ 17 తర్వాత కూడా సాయుధ పోరాటం 1951 దాకా ఎందుకు నడిచింది? 1950లో అదే నిజాం రాజప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి రాష్ట్రాధిపతి, ఎలా అయ్యాడు? విమోచనం, విలీనం, సమైక్యత, ప్రజాపాలన, సెప్టెంబర్ 17కి ఉన్న ఈ పేర్లన్నీ బోర్డు మీద రాసి, ఏ పేరు ఎవరు పెట్టారో కనుక్కు రమ్మనండి.

మూడో కాలర్: హెచ్ఎం సార్ రాజకీయాలొద్దంటున్నరు. ఇళ్ల నుంచి ఫోన్లొస్తయని టెన్షన్.

మాస్టారు: ఆ రోజు ఆయన్నీ వెనక బెంచీలో కూర్చోమనండి. ఏం విన్నారో ఫోన్ చేసినవాళ్లకు ఆయనే చెప్తాడు. సరే, ఆ వేలు చూపించిన పిల్లవాడికి నానమ్మ ఉందా?

మూడో కాలర్: ఉంది సార్, ఎనభై ఏడేళ్లు.

మాస్టారు: అంటే 1948లో పదేళ్ల పిల్ల. ఇద్దరు పిల్లల్నీ కలిపి ఆమె దగ్గరికి పంపండి. రజాకార్ల గురించి చెప్పు నానమ్మా అని అడగొద్దు. ఆ రోజుల్లో ఏం తిన్నారు, రాత్రిపూట ఎవరింట్లో దాక్కున్నారు, తలుపు ఎవరు తీశారు, ఇవి అడగమనండి. ఒకడు అడగాలి, ఇంకొకడు రాయాలి.

మూడో కాలర్: ఆమెకు చెవులు సరిగ్గ వినపడవు సార్.

మాస్టారు: (నవ్వు) అయితే ఇద్దరూ కలిసి గట్టిగా అరవాలి.