అటక మీద ఫ్లాపీ, అందులో మన డేవ్‌గాడు

హాయ్ అండీ. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, ఫోకస్ అయ్యిందా? మూడున్నర అంగుళాల ఫ్లాపీ, పాత కంప్యూటర్లలో ఫైళ్లు దాచుకునే డిస్క్. ఇందులో ఉన్నది మేం చిన్నప్పుడు ఆడిన డేవ్ అనే కంప్యూటర్ గేమ్. పాలకొల్లులో మా ఇంటి అటక మీద, ఖాళీ ఆవకాయ జాడీల వెనకాల దొరికింది. లేబుల్ మీద "డేవ్. ముట్టుకుంటే తంతాను" అని మా బావ రాత.

ఈ రేకు పక్కకి జరిపితే, నల్ల డిస్క్ మీద తెల్ల మచ్చలు చూడండి. బూజు. వానాకాలంలో మన కాలవగట్టు ఊళ్లలో డబ్బాలో అప్పడాలే మెత్తబడిపోతాయి, ఫ్లాపీ ఎంతండీ. ఇలా మచ్చలు కనిపిస్తే మాత్రం డ్రైవ్‌లో పెట్టకండి. నేను ఆత్రం కొద్దీ పెట్టేశాను, ఆ బూజు డ్రైవ్ హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీ కూడా పాడైంది. చివరికి బావే తన పాత సీడీలోంచి కాపీ పంపాడు, తన్నలేదు.

గేమ్ పూర్తి పేరు డేంజరస్ డేవ్. జాన్ రొమెరో 1988లో ఆపిల్ టూ అనే పాత కంప్యూటర్ కోసం చేశాడు, మనం ఆడింది డాస్ వెర్షన్, అంటే విండోస్‌కి ముందు పీసీల్లో ఉండే సిస్టమ్ కోసం చేసింది, అది 1990ది. తర్వాత డూమ్ అనే తుపాకుల గేమ్ చేసినవాళ్లలో ఈయనా ఒకడు. డూమ్ అందరికీ గుర్తే, డేవ్ అంటే ఎవరతను అంటారు. 1991లో దెయ్యాల బంగళా కథతో ఇంకో డేవ్ కూడా వచ్చాడు గానీ మా కంప్యూటర్ సెంటర్ దాకా రానేలేదు.

సరే, పనిలోకి. ఇప్పటి కంప్యూటర్లో పాత డాస్ గేమ్స్ ఆడించే ప్రోగ్రామ్ డాస్‌బాక్స్, అది ఇన్‌స్టాల్ చేసుకోండి, ఉచితమే. సి డ్రైవ్‌లో గేమ్స్ అని ఫోల్డర్, దాని లోపల డేవ్ ఫోల్డర్, గేమ్ ఫైళ్లు అందులో. ఇప్పుడు డాస్‌బాక్స్ తెరిచి నాతోపాటు కొట్టండి: మౌంట్, స్పేస్, సి, స్పేస్, సి కోలన్ బ్యాక్‌స్లాష్ గేమ్స్, ఎంటర్. తర్వాత సి కోలన్, ఎంటర్. ఈ కోలన్ మర్చిపోతే ఇల్లీగల్ కమాండ్ అని తిడుతుంది, నన్ను మూడుసార్లు తిట్టింది. సి, డి అక్షరాలు, స్పేస్, డేవ్, ఎంటర్. మళ్లీ డేవ్, ఎంటర్. వచ్చేశాడు! స్క్రీన్ నిండా కావాలంటే ఆల్ట్ ఎంటర్. మరీ పరిగెడుతుంటే కంట్రోల్ ఎఫ్11, నత్తలా ఉంటే కంట్రోల్ ఎఫ్12.

బాణం గుర్తులతో నడక, గెంతు. జెట్‌ప్యాక్ దొరికాక ఆల్ట్, తుపాకీ దొరికాక కంట్రోల్. ప్రతి లెవెల్లో ఉండే బహుమతి కప్పు తీసుకోకుండా తలుపు దగ్గరికెళితే లోపలికి పోడు. ఇది తెలియక చిన్నప్పుడు నేనూ బావా సెంటర్లో మాస్టారిని పిలిచి, తలుపు పాడైపోయిందండీ అని కంప్లైంట్ చేశాం. ఆయన కూడా పావుగంట చూసి, రేపు బాగుచేయిద్దాంలే అన్నారు.

ఇదిగో కప్పు... తలుపు... అయ్యింది! ఇంకా తొమ్మిది లెవెల్సే ఉన్నాయట.

ఒక్క నిమిషం, బావ ఫోన్. ఆఁ చెప్పు బావా... మూడో లెవెల్లో ముందు తుపాకీ తీసుకోవాలా? బావా, నిన్న రాత్రే ఆ సాలీడు నా మూడు ప్రాణాలూ తీసేసింది, ఇప్పుడా చెప్పేది!