తాడు వదులైందని చెప్పండి

అందరికీ నమస్కారం.

పొద్దున విశాఖ బీచ్ రోడ్డు మీద వస్తూ పెదజాలరిపేట దగ్గర కాసేపు ఆగాను. జాలర్లు అలివి వల, అంటే సముద్రంలో వేసి ఒడ్డు మీంచి తాళ్లతో లాగే పెద్ద వల, లాగుతున్నారు. ఒక్కో తాడుకు పది పదిహేను మంది. ఒక పెద్దాయన గొంతు చించుకుంటున్నాడు. ఎవరూ నొచ్చుకున్నట్టు లేదు. ఆయన అరుపంతా తాడు గురించే. ఎడమ పక్క వదులైందంటున్నాడు, నీకు లాగడం రాదని ఎవరినీ అనడం లేదు.

ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్‌ను అందరి ముందూ పెట్టి ఎవరైనా చెయ్యి వేయగలిగే సాఫ్ట్‌వేర్ పనిలో, ఈ తేడా చాలాకాలం మనకు పట్టలేదు. 1991లో లినక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ కోడ్‌కు ఎంత పేరుందో ఆయన తిట్లకూ అంత పేరుండేది. ఆ తిట్ల వల్లే కెర్నల్ నాణ్యత నిలబడిందని నమ్మినవాళ్లలో నేనూ ఒకడిని. 2018 సెప్టెంబరులో ఆయనే తన మాటతీరుకు క్షమాపణ చెప్పి కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నారు. అప్పుడే కెర్నల్‌కు కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. ఆయన లేనప్పుడు కెర్నల్ 4.19 వెర్షన్ విడుదలను సహచరుడు గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ నడిపించారు. పని ఆగలేదు. తిరిగి వచ్చాక కూడా లినస్ నచ్చని కోడ్‌ను తిప్పికొడుతూనే ఉన్నారు.

ఒక ప్రాజెక్టుకు నేను పంపిన మొదటి ప్యాచ్‌కు (కోడ్‌లో సవరణకు) దాన్ని చూసుకునే ఆయన నుంచి వచ్చిన జవాబు, "నీకు చదవడం వచ్చా?" నిజానికి ఆ ప్యాచ్ తప్పే, ఆయన చెప్పిన కారణమూ సరైనదే. అయినా మూడేళ్లు మళ్లీ అటు వెళ్లలేదు. ఇలా వెళ్లిపోయినవాళ్ల లెక్క ఏ ప్రాజెక్టు దగ్గరా ఉండదు. వెళ్లేవాడు చెప్పి వెళ్లడు కదా.

అలాగని తియ్యగా మాట్లాడితే చాలనుకోకండి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాధనం సంగతే చూడండి. దాన్ని ఒక్క మనిషి, జీతం లేకుండా చూసుకునేవాడు. మానసికంగా బాగాలేదని 2022లో ఆయన చెప్పుకున్నా, ఆలస్యమేమిటి, వేరేవాళ్లకు అప్పగించమంటూ కొందరు గుచ్చిగుచ్చి రాశారు. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపికగా, మర్యాదగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించారు. 2024లో ఆ సాధనంలో దొంగదారి (ఇతరుల కంప్యూటర్లలోకి రహస్యంగా చొరబడే మార్గం) పెట్టింది ఆ పేరు మీదే. పయోముఖ విషకుంభం! గుచ్చినవాళ్లూ ఆ ముఠావాళ్లేనని చాలామంది అనుమానం. ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందెందుకని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి మార్చి నెలాఖరులో బయటపడింది.

ఆ కథలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది దొంగ కాదు. అంతమంది వాడే సాధనాన్ని మోస్తున్న మనిషి అలిసిపోయానంటే, పనిలో చెయ్యి వేసిన ఒకే ఒక్కడు ఆ దొంగ కావడం.

సాఫ్ట్‌వేర్‌కు మనం చేసే తెలుగు అనువాదాల సంగతీ చెప్పాలి. "ఫైలు" అనాలా, "దస్త్రం" అనాలా అని ఒకసారి పది రోజులు కొట్టుకున్నాం. మాటలు భాష దాటి యాసల మీదికి వెళ్లాయి. అందరికంటే ఎక్కువ అనువదించిన ఆవిడ మానేశారు. ఆ మెనూలు ఇప్పటికీ సగం ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. దస్త్రమూ రాలేదు, ఫైలూ రాలేదు.

ఇప్పుడు నేను రివ్యూలో, అంటే ఇతరుల కోడ్ సరిచూసేటప్పుడు, ఏ వరుస ఎందుకు తప్పో మొదటి వాక్యంలోనే రాస్తాను. ఈ వారం చూడలేకపోతే ఆ ముక్క కూడా రాస్తాను, ఎందుకంటే నెలల తరబడి మౌనం తిట్టుకంటే మొరటు. మొన్న గాజువాక కుర్రాడి ప్యాచ్‌ను మూడుసార్లు వెనక్కి పంపాను. నాలుగోసారి అతను ప్యాచ్‌తోపాటు నా కోడ్‌లో ఒక బగ్ చూపించాడు. అది ఇంకా సరిచేయలేదు, ఈ రాత్రి కూర్చోవాలి.