కుక్కతో ఫ్రాన్స్ రావాలంటే నాలుగు నెలల ముందే మొదలెట్టాలి | సంతకి బయల్దేరితే వదిన ఫోన్ | తూలూజ్ తెలుగు వ్లాగ్

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఇక్కడ తూలూజ్‌లో సెంతోబాన్ ఆదివారం సంత చూపిస్తానని పోయిన వారం మాటిచ్చాను కదా. సంచీ తీసుకున్నాను, మా కుక్క రాజు మెడకి పట్టీ కట్టాను, పాపకి బూట్లు వేశాను. తలుపు తీసేసరికి వదిన ఫోన్. ఇక్కడ ఉదయం తొమ్మిదిన్నర, హైదరాబాద్‌లో మధ్యాహ్నం ఒంటిగంట. అన్నం టైములో వదిన ఫోన్ చేసిందంటే విషయం పెద్దదే.

విషయం ఏంటంటే, మా పెదనాన్నగారి అబ్బాయికి లియోన్‌లో ఉద్యోగం ఖాయమైంది. సెప్టెంబర్‌లో చేరాలి. సంతోషమే కదా, కానీ వదిన గొంతులో సంతోషం లేదు. "ఏమ్మా, మీ రాజుని ఎలా తీసుకెళ్ళారు? మా సుల్తాన్‌ని వదిలి నేను మాత్రం ఫ్లైటెక్కను. మీ అన్నయ్యని వదలమంటే ఆలోచిస్తా" అంది. సుల్తాన్ అంటే రాట్‌వైలర్. నలభై రెండు కిలోలు. మిక్సీ వేస్తే మంచం కిందికి దూరిపోతాడు.

సరే, సంత ఎక్కడికీ పోదు, ముందు వదినకి చెబుదామని సోఫాలో కూర్చున్నాను. కామెంట్లలో మీరు కూడా ఇదే అడుగుతున్నారు కాబట్టి కెమెరా ఆన్ చేశాను. (రాజు ఉన్న వీడియోలకే వ్యూస్ ఎక్కువొస్తాయి, ఆ సంగతి నాకూ తెలుసు. వచ్చే డబ్బులు వాడి బిస్కెట్లకే సరిపోతున్నాయి, కాబట్టి లెక్క సరిపోయింది.)

మొట్టమొదటి మాట. మీ వీసా కాగితాలకంటే ముందు కుక్క కాగితాలు మొదలెట్టండి. రేబిస్ విషయంలో యూరప్ వాళ్ళు నమ్మే దేశాల జాబితా ఒకటుంది, అందులో మన దేశం లేదు. అందుకని మనకి ఒక మెట్టు ఎక్కువ. ముందు పదిహేను అంకెల మైక్రోచిప్ వేయించాలి. ఆ తర్వాతే రేబిస్ టీకా. టీకా వేసిన ముప్ఫై రోజులకి రక్తం తీసి, యూరప్ వాళ్ళు ఆమోదించిన ల్యాబ్‌కి పంపాలి. టీకా పనిచేసినట్టు 0.5 యూనిట్లో, అంతకు మించో రావాలి. వచ్చింది కదా అని వెంటనే బయల్దేరడానికి లేదు. రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదండోయ్, రక్తం తీసిన రోజు నుంచి. మొత్తం ఎంత లేదన్నా నాలుగు నెలలు.

మేము తప్పు చేసింది ఇక్కడే. రాజుకి ఏటేటా టీకాలు వేయించాం, పుస్తకం నిండా స్టిక్కర్లే. ఆ పుస్తకం చూసుకుని ధైర్యంగా ఉన్నాం. చిప్ మాత్రం తర్వాత వేయించాం. చిప్ లేనప్పుడు వేసిన టీకా లెక్కలోకి రాదు, ఎందుకంటే ఆ టీకా ఈ కుక్కకే వేశారని రుజువేంటి? అడగడం న్యాయమే, కానీ అది తెలిసిన రోజు రాత్రి మా ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. మళ్ళీ టీకా, మళ్ళీ ముప్ఫై రోజులు, మళ్ళీ మూడు నెలలు. మావారు ఉద్యోగానికని ముందు వచ్చేశారు. నేనూ, పాపా, రాజూ కూకట్‌పల్లిలో ఉండిపోయాం. ఆ నాలుగు నెలలూ క్యాలెండర్ మీద రోజులు కొట్టేస్తూ కూర్చున్నాను. రాజు తలుపు దగ్గర మావారి చెప్పుల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు.

వదిన వేళ్ళ మీద లెక్కేసింది. ఇప్పుడు ఏప్రిల్ రెండో వారం. ఈ వారం చిప్పూ టీకా అయితే, మే నెల మధ్యలో రక్తం, ఆగస్టు మధ్యకి మూడు నెలలు పూర్తి. సెప్టెంబర్‌కి అందుతుంది. "అంటే టైముంది" అంది. టైము లేదు వదినా, ఈ వారమే టైము అన్నాను.

ఇక సుల్తాన్ సంగతి. ఫ్రాన్స్‌లో 1999 జనవరి 6 నాటి చట్టం ఒకటుంది, ప్రమాదకరమైన కుక్కల్ని రెండు వర్గాలు చేసింది. మొదటి వర్గంలో పిట్‌బుల్ లాంటివి, వాటిని దేశంలోకే తీసుకురానివ్వరు. రాట్‌వైలర్ రెండో వర్గం, జాతి కాగితాలున్నా లేకపోయినా. తీసుకురావచ్చు కానీ మున్సిపాలిటీ నుంచి పర్మిట్ కావాలి. దానికోసం కుక్క స్వభావాన్ని పశువైద్యుడు పరీక్షిస్తాడు. యజమాని ఏడు గంటల శిక్షణ తీసుకోవాలి. బీమా ఉండాలి. రోడ్డు మీద మూతికి జాలీ, మెడకి తాడు తప్పనిసరి, పట్టుకునేది పెద్దవాళ్ళే అయ్యుండాలి. ఏడు గంటల శిక్షణ ఫ్రెంచ్‌లోనా అంది వదిన. ఫ్రెంచ్‌లోనే. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత వెనకనుంచి అన్నయ్య గొంతు, "వాడు పాసవుతాడు గానీ నేను ఫెయిలవుతా."

అన్నయ్య వాళ్ళత్తగారి రామచిలుక సంగతి కూడా అడిగారండి! ఆ ప్రశ్నకి మాత్రం గట్టిగా చెప్పాను, రామచిలుకని పంజరంలో పెట్టడమే మన 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఇంక ఎగుమతి కూడానా అని. పెద్దావిడకి కోపం వచ్చినట్టుంది. ఫోన్లో చిలుక మాత్రం "రా, రా" అంటూనే ఉంది.

ప్రయాణం సంగతి చెప్తాను. పెంపుడు జంతువుల్ని పంపించే ఏజెంట్లు మమ్మల్ని మూడు లక్షలు అడిగారు. మేమే చేసుకున్నాం. బెంగళూరు నుంచి పారిస్‌కి నేరుగా విమానం ఉంది కాబట్టి హైదరాబాద్ నుంచి కారులో బెంగళూరు వెళ్ళాం. అక్కడ కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ వాళ్ళు కుక్కని చూసి సర్టిఫికెట్ ఇస్తారు. యూరప్ నమూనాలో ఉండే ఆ ఆరోగ్య పత్రం మీద సంతకం పడ్డాక పది రోజుల్లో యూరప్‌లో దిగాలి. దాన్ని ముందే తెచ్చిపెట్టుకుందామంటే కుదరదు. కుక్క లేచి నిలబడి వెనక్కి తిరగగలిగేంత పెట్టె కావాలి. మాది పద్దెనిమిది వేలు పడింది. నెల ముందే కొనేసి, రోజూ అందులోనే పెరుగన్నం పెట్టాను. మొదటి వారం మెడ ఒక్కటే లోపల పెట్టి, కాళ్ళు బయటే ఉంచి తిన్నాడు. నాలుగో వారానికి మధ్యాహ్నం నిద్ర కూడా అందులోనే. ఎవరేం చెప్పినా మత్తు మందు మాత్రం ఇవ్వకండి. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులైతే చాలా విమానాలు కింది అరలోకి ఎక్కించుకోవు, టికెట్ కొనకముందే కనుక్కోండి.

పారిస్‌లో దిగాక ఫైలు గుండెకి హత్తుకుని కస్టమ్స్ దగ్గరికి వెళ్ళాను. నాలుగు నెలల కాగితాలు, నాలుగు రంగుల అట్టలు. ఆ ఆఫీసరు చిప్ మీద యంత్రం పెట్టాడు, కీచుమంది. రెండు కాగితాలు చూశాడు. "బియన్వెన్యూ", అంటే స్వాగతం, అని రాజుకి చెప్పాడు, నాకు కాదు. అంతే. రెండు నిమిషాలు. క్వారంటైన్ లేదు, ఏమీ లేదు. కాగితాలన్నీ సరిగ్గా ఉంటే ఇక్కడ క్వారంటైన్ ఉండదు. నాకైతే ఇంకాసేపు చూస్తే బాగుండు అనిపించింది, అంత కష్టపడి సర్దానాయె.

ఇంక నాకు ఈ దేశంలో అన్నిటికంటే నచ్చిన విషయం. మీ అపార్ట్‌మెంట్లలో కుక్కలున్న వాళ్ళు కూర్చుని వినండి. అద్దె ఇంట్లో జంతువుల్ని పెంచకూడదని ఓనరు అనడానికి ఇక్కడ వీల్లేదు. 1970 జులై 9 నాటి చట్టం. అగ్రిమెంట్లో రాసినా ఆ మాట చెల్లదు. మొదటి వర్గం కుక్కలకీ, పర్యాటకుల కోసం ఇచ్చే ఇళ్ళకీ మాత్రమే మినహాయింపు. అంటే సుల్తాన్‌కి కూడా ఇల్లు దొరుకుతుంది. కూకట్‌పల్లిలో మా అసోసియేషన్ వాళ్ళు రాజుని లిఫ్టు ఎక్కనివ్వలేదండి. ఐదో అంతస్తు. వీధికుక్కని లిఫ్టులో తిప్పుతారా అని ఒకాయన మొహం మీదే అన్నాడు. మూడేళ్ళు మెట్లెక్కాం. ఇక్కడ లిఫ్టులో కింది ఇంటావిడ రాజుకి "బొంజూర్" చెప్పి, తర్వాత నాకు చెప్తుంది. ఏ జాతి అని అడిగింది. నేను నిటారుగా నిలబడి "ఇండియన్" అన్నాను. ఎంత అందంగా ఉన్నాడో అంది. ఆ రోజు ఆ మాట ఆ లిఫ్టాయనకి వినిపించాలని ఎంతనిపించిందో!

అలాగని అన్నీ సులువు కాదు. రోడ్డు మీద కుక్క చేసినదాన్ని ఎత్తకపోతే జరిమానా 135 యూరోలు. యూరోకి వంద చొప్పున వేసుకోండి, పదమూడు వేల ఐదు వందలు. మావారు జేబులో కవర్లు లేకుండా ఇల్లు కదలరు, పెళ్ళికి వెళ్ళినా కోటు జేబులోంచి కవరు బయటపడింది. టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో పెద్ద కుక్కకి టికెట్ 20 యూరోలు, మూతికి జాలీ ఉండాలి. డాక్టర్ దగ్గరికి మామూలుగా వెళ్ళినా మాకు 52 యూరోలు పడింది, ఐదు వేల పైమాట. మందులు మళ్ళీ వేరే.

ఆ డాక్టరమ్మ దగ్గర ఒక తమాషా జరిగింది. రాగానే కుక్క వివరాలు ఐ-కాడ్ అనే దేశవ్యాప్త రిజిస్టర్‌లో ఎక్కించాలి, అందుకని వెళ్ళాం. పేరేంటంది. రాజు అన్నాను. "ఆ, ఆర్! అయితే 2020లో పుట్టాడు" అంది. నాకు మతిపోయింది. నిజంగానే 2020 లాక్‌డౌన్‌లో మా వీధి చివర టీ బండి కింద దొరికిన పిల్ల వాడు. ఆవిడకెలా తెలిసింది? ఫ్రాన్స్‌లో జాతి కుక్కలకి ఏడాదికో అక్షరం ఉంటుందట. ఆ ఏడాది పుట్టిన పిల్లలన్నిటికీ ఆ అక్షరంతోనే పేరు. 2020కి ఆర్, 2025కి మళ్ళీ ఏ నుంచి మొదలు. మన జన్మనక్షత్రం అక్షరంలాగే! నేను రోడ్డు మీద దొరికినవాడికి నోటికొచ్చిన పేరు పెడితే, ఫ్రాన్స్ పంచాంగం ప్రకారం సరిగ్గా సరిపోయింది. కాకపోతే ఇక్కడ ఆర్ గొంతులోంచి పలుకుతారు కదా, ఆవిడ పిలిస్తే "ఖాజూ" అని వినిపించింది. పాప అప్పటినుంచి వాణ్ణి జీడిపప్పు అంటోంది.

ఆ రోజే వాడికి నీలం అట్ట పాస్‌పోర్టు ఇచ్చారు. యూరప్ పెంపుడు జంతువుల పాస్‌పోర్టు. టీకాలు వేయిస్తూ ఉంటే చాలు, దానికి గడువు లేదు. స్పెయిన్ వెళ్ళినా ఇటలీ వెళ్ళినా అదే. సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. ఖమ్మంలో ఉంటుంది అమ్మ. తిప్పి తిప్పి చూపించమంది. మాకు ఇక్కడ ఉండడానికి నాలుగేళ్ళ కార్డు ఇచ్చారు. అమ్మ పోయిన వేసవిలో వస్తే తొంభై రోజులు. ఎనభై ఎనిమిదో రోజున పెట్టె సర్దుతూ, "వీడికి జీవితాంతం ఇచ్చారటగా, నాకూ ఒక చిప్ వేయించవే" అంది. నవ్వుతూనే అంది. నేను వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాను. సరేలెండి, ఇది వీడియోలో పెట్టాలా వద్దా చూస్తాను.

ఇంకొక్కటి చెప్పి లేస్తాను. ఇక్కడ వీధికుక్కలు ఉండవు. వినడానికి బాగుంటుంది. వచ్చిన మొదటి వారం రాత్రి పదకొండింటికి రాజు బాల్కనీలోకి వెళ్ళి రెండు అరుపులు అరిచి ఆగేవాడు. చెవులు నిక్కబెట్టి వినేవాడు. కూకట్‌పల్లిలో అయితే ఆ రెండు అరుపులకి వీధి మొత్తం బదులు పలికేది. ఇక్కడ ఒక్క కుక్కా పలకదు. మళ్ళీ రెండు అరుపులు, మళ్ళీ ఆగడం. తొమ్మిదో రాత్రో పదో రాత్రో మానేశాడు. సుల్తాన్‌కి కూడా ఇది జరుగుతుంది వదినా, వాణ్ణి ఆ వారం ఒంటరిగా వదలకు అన్నాను. వాడి సంగతి సరే, నీ సంగతేంటి అంది వదిన. ఏం చెప్తాం, చాలా టైమైంది, సంత సర్దేస్తారు అన్నాను.

పరిగెత్తాం. గుడి చుట్టూ పెట్టే సంత కాదండీ అది, చర్చి చుట్టూ. సగం బల్లలు ఖాళీ. గోంగూర నాకు ఇక్కడ దొరకలేదు, దాని బదులు ఓజేయ్ అనే పుల్లాకు తెచ్చుకుంటాను. కట్ట మూడు యూరోలు, మూడు వందలు! ఖమ్మంలో ఆ డబ్బుతో పొలం గట్టు మొత్తం ఇస్తారు. వేయించితే ఇంతే ఇంత అవుతుంది, రంగు కూడా మాడిన ఆకులా మారిపోతుంది, కానీ పులుపు మాత్రం పులుపే. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి నూరితే కళ్ళు మూసుకుని గోంగూర అనుకోవచ్చు. ఆ చివరి కట్ట కూడా ఒకావిడ తీసుకెళ్ళిపోయింది. ఖాళీ సంచీతో, రాజుతో, ఆకలేసిన పాపతో ఇంటికొచ్చేశాం. మధ్యలో బూలాంజెరీ దగ్గర రాజుని బయట కొక్కేనికి కట్టి రొట్టె కొన్నాను, అదే మా మధ్యాహ్నం భోజనం. సంత వీడియో వచ్చే ఆదివారం, ఈసారి ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తాను.

ఇది ఎడిట్ చేస్తుండగా బుధవారం వదిన మెసేజ్ పెట్టింది. ఫోటోలో సుల్తాన్ డాక్టర్ బల్ల మీద నాలుక బయట పెట్టి కూర్చున్నాడు, పక్కన అన్నయ్య గోడకేసి తిరిగి ఉన్నాడు. "చిప్ అయింది, టీకా అయింది. వీడు బాగానే ఉన్నాడు. సూది చూసి మీ అన్నయ్యకే కళ్ళు తిరిగాయి."