గోంగూర చికెన్, పసుపు మరక, ఒక మౌస్ | డాలస్‌లో మా ఆదివారం వ్లాగ్

హాయ్ అండి అందరికీ, వందనాలు. వెనకాల డిష్‌వాషర్ సౌండ్ వస్తుంటే ఏమనుకోకండి, పాప పడుకున్నాక రాత్రి 11 గంటలకి వాయిస్ ఇస్తున్నా, నాకు దొరికేది ఈ ఒక్క టైమే. అసలు ఈ వీడియో పోయిన వారం పెట్టాల్సింది, ఎందుకు లేటయిందో మధ్యలో చెప్తాను, చెప్పాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది నాకు.

ఇప్పుడు మీకు కనపడేది ఆదివారం పొద్దున మా కిచెన్. ఈసారి ప్రేమ విందు వంతు మాది, అంటే చర్చిలో ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే భోజనం, అరవై మందికి వంట. ఆ గోంగూర మొత్తం మా బ్యాక్‌యార్డ్‌దే అండి, టెక్సాస్ ఎండకి మిగతా మొక్కలన్నీ సోలిపోతాయి గానీ గోంగూర మాత్రం ఒంగోలులో ఉన్నట్టే ఉంటది ఇక్కడ. 40 పౌండ్ల చికెన్, రెండు పెద్ద అల్యూమినియం ట్రేల బగారా అన్నం, పిల్లలకి కారం లేకుండా విడిగా పప్పు. మా ఆయన ఉల్లిపాయలు కోస్తున్నారు చూడండి, మొహం చూపించొద్దన్నారు కాబట్టి చేతులే తీశా.

కొత్తగా చూసేవాళ్ళకి, మేముండేది డాలస్‌కి పైన ఫ్రిస్కోలో. మా తెలుగు చర్చికి సొంత బిల్డింగ్ లేదు, ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాలు అద్దెకి తీసుకుంటాం, పొద్దున వాళ్ళ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం 2 నుంచి మనకిస్తారు. ఇక్కడ తమిళ, స్పానిష్ సంఘాలు కూడా చాలా వరకు ఇట్టాగే నడుస్తాయి. అద్దె కాగితంలో ఒక లైను ఉంటది, వచ్చినప్పుడు ఎట్టా ఉందో అంతకంటే శుభ్రంగా వదిలి వెళ్ళాలని. తాళాలు ఒక పెద్దావిడ దగ్గరుంటాయి, డెబ్బై దాటి ఉంటాయి, మా కూడిక అయ్యేదాకా ఆఫీస్ రూమ్‌లో అల్లిక అల్లుకుంటూ కూర్చుంటుంది, చివర్లో వచ్చి లైట్లు ఆర్పి తాళం వేసుకుని పోద్ది. ఎప్పుడూ ఒక్క మాట అనదు. అదే అసలు భయం నాకు, అరిచేవాళ్ళయితే ఏదోటి సర్దిచెప్పుకోవచ్చు.

ఆ రోజు వాక్యం బైబిల్లో పౌలు రాసిన రెండో కొరింథీ పత్రిక, అయిదో అధ్యాయం ఇరవయ్యో వచనం. క్రీస్తుకు రాయబారులం అని ఉంటది కదా, అది. నాకైతే చిన్నప్పటి నుంచి ఈ రాయబారి అనే మాట వింటే ముందు గుర్తొచ్చేది పౌలు కాదండి, కృష్ణుడే, మా ఊళ్ళో తిరునాళ్ళకి తెల్లవార్లూ మైకులో రాయబారం పద్యాలు వచ్చేవి, మా తాతయ్య సంఘ పెద్ద అయ్యుండి కూడా మంచం వాకిట్లో వేయించుకుని మరీ వినేవాడు. మా పాస్టర్ అయ్యగారు కూడా దాదాపు అక్కడికే వచ్చారు, రాయబారి సొంత మాట మాట్లాడకూడదు, పంపినవాళ్ళ మాటే చెప్పాలి, ఆయన నోరు జారితే పరువు పోయేది ఆయనది కాదు పంపినవాళ్ళది అని. ఇంకోటి కూడా అన్నారు, ఎఫెసీలో పౌలు నేను రాయబారినై సంకెళ్ళలో ఉన్నాను అంటాడే, ఆ రోజుల్లో రాయబారిని బంధించడమంటే పెద్ద తప్పు, అయినా ఈయన జైల్లో కూర్చుని నేను రాయబారినే అంటున్నాడు అని. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నా, రాసుకుని బ్యాగ్‌లో పెట్టేసి వడ్డనకి పరిగెత్తా.

ఇగోండి, ఇదే జరిగింది. చికెన్ ట్రే ఒక మూల వంగి నూనె కారింది, తెల్ల ప్లాస్టిక్ టేబుల్, మడత పెట్టే రకం. నేను చూసేసరికి అరచేయంత మరక, పచ్చగా. పేపర్ టవల్‌తో తుడిస్తే ఇంకా పాకింది. సింక్ కింద ఉన్న క్లీనింగ్ స్ప్రే కొడితే ఎర్రగా అయిపోయింది అండి, నిజంగా, పసుపులో సున్నం కలిపితే పారాణి వచ్చినట్టు! చేతులు ఆడలేదు నాకు. మా ఆయన వచ్చి చూసి, మరక లోపలికి వచ్చేట్టు మడత పెట్టి గోడకి చేర్చేయ్, ఎవరు చూస్తారు అన్నారు. నేను సరే అన్నా, ఆయన మీదకి తోయను, నేనే మడత పెట్టా.

పెట్టి, చేర్చబోతుంటే అక్కడ అప్పటికే విడిగా ఆనించి ఉన్న రెండు టేబుళ్ళు కనపడ్డాయి. అంచు మీద మాస్కింగ్ టేప్ అంటించి మార్కర్‌తో ఇంగ్లీష్‌లో తెలుగు అని రాసుంది. విప్పి చూస్తే మరకలు. మనవే, పాతవి, ఎవరో మనవాళ్ళు మనలాగే లోపలికి మడత పెట్టి పోయినవి. ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు, మన టేబుళ్ళు మనకి విడిగా పెట్టేసింది అంతే. మా నాయనమ్మ వాళ్ళ తరానికి విడి గ్లాసు అంటే ఏందో బాగా తెలుసు, మాకు తెలీకుండా పెంచారు. ఆవిడ ఆ ఉద్దేశంతో చేయలేదు, ఆ సంగతి నాకు తెలుసు, తప్పు పూర్తిగా మాదే. అయినా ఆ టేప్ చూస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు అయింది.

ఇది ఇక్కడ ఆపి వేరే విషయం చెప్తా, మళ్ళీ టేబుల్ దగ్గరికి వస్తా.

మంగళవారం సాయంత్రం ఒక పిల్లోడు ఇంటికొచ్చాడు. ఏ ఊరో ఏ కాలేజో చెప్పను. తను విశ్వాసి కాదు, రూమ్మేట్‌తో కలిసి ఆదివారం భోజనానికి వస్తాడు, నేను అన్నం కోసమే వస్తా అక్కా అని తనే నవ్వుతూ చెప్పేస్తాడు, ఆ దాపరికం లేకపోవడం నాకు ఇష్టం. మాస్టర్స్ అయిపోయి ఓపీటీలో ఉన్నాడు, అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొన్నాళ్ళు ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే పర్మిషన్. తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం కలిపి 90 రోజుల వరకే ఉండొచ్చు, పిల్లోడికి అందులో అరవై పైన అయిపోయినయ్. ఇంటి దగ్గర లోను. కన్సల్టెన్సీ వాళ్ళు రెజ్యూమేలో ఎనిమిదేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టారంట. వాడికి 24 ఏళ్ళు. అంటే ఇంటర్ ఫస్టియర్‌లోనే డ్యూటీలో చేరాడన్నమాట.

వాడు అడిగింది ఏంటంటే, శుక్రవారం ఇంటర్వ్యూ ఉంది, నేను పక్కన కెమెరాకి కనపడకుండా కూర్చుని సమాధానాలు అందిస్తే వాడు చెప్పుకుంటా పోతాడంట. నాది కూడా వాడిలాగే సాఫ్ట్‌వేర్ టెస్టింగే కదా, అందుకని. "అందరూ చేస్తున్నరు అక్కా, నేనొక్కడినే చేయకపోతే నేనొక్కడినే ఇంటికి పోవాలె" అన్నాడు. జాలేసింది అండి, నిజంగా. కానీ నా నోరు ఊరుకోదుగా, ఆదివారం విన్న వాక్యం వేడివేడిగా ఉందిగా, మొదలుపెట్టా. మేము రాయబారులం నాన్నా, మేము చేసే ప్రతి పని ఆయన పేరు మీద పోద్ది, అబద్ధానికి గొంతు ఎట్టా ఇస్తా చెప్పు అని ఓ పది నిమిషాలు వాయించా. పాపం వాడు తల వంచుకుని పెసరట్టు తింటున్నాడు. అంతా అయ్యాక నెమ్మదిగా, "అక్కా ఏమనుకోవద్దు, మీ లాస్ట్ వీడియోలో మీరు వంకాయ కూర చేస్తుంటే వెనక టేబుల్ మీద మౌస్ దానంతట అదే తిరుగుతున్నది" అన్నాడు.

ఇక నేనేం చెప్తా.

ఉంది అండి నా దగ్గర. మౌస్ జిగ్లర్ అంటారు, చిన్న బిళ్ళలాగా ఉంటది, దాని మీద మౌస్ పెడితే కింద చక్రం తిరుగుతా మౌస్‌ని కదిలిస్తా ఉంటది, ఆఫీస్ చాట్ యాప్ టీమ్స్‌లో మనం పనిలో ఉన్నట్టు పేరు పక్కన పచ్చ చుక్క ఆరకుండా. నేను వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని, మధ్యాహ్నం వెలుతురు బాగుంటదని వంట వీడియోలన్నీ ఆ టైంలోనే తీసేదాన్ని. నాకు నేను చెప్పుకున్న సాకులు చాలా ఉన్నయ్. పని ఎప్పుడూ ఆపలేదు, రాత్రి కూర్చుని అయినా ముగిస్తా, ఛానెల్ మీద రూపాయి రాదు, హెచ్ వన్ వర్క్ వీసా మీద ఉన్నాం కాబట్టి మానిటైజేషనే పెట్టలేదు. చివరికొచ్చేది మాత్రం ఆ పిల్లోడి మాటే, అందరూ వాడతారు. వాడి కన్నా నేను పదిహేనేళ్ళు పెద్ద, పైగా నాకు తరిమే 90 రోజుల లెక్క కూడా లేదు.

కొలొస్సీలో పనివాళ్ళకి చెప్పిన మాటొకటి ఉంది, కంటికి కనబడవలెనని కాక అని. సండే స్కూల్లో కంఠతా పట్టినదే, ఎప్పుడో ప్రైజు కూడా వచ్చింది దానికి, ఒక స్టీలు గిన్నె. ఆ గిన్నెలోనే ఇప్పుడు పోపు డబ్బా స్పూన్లు పెట్టుకుంటున్నా. పచ్చ చుక్క కోసమే రాశారా అన్నట్టుంది ఆ రాత్రి చదువుకుంటే.

మర్నాడు మేనేజర్‌కి మెసేజ్ పెట్టా. జిగ్లర్ సంగతి కూడా రాశా, రాసి పంపే ముందు మూడుసార్లు చెరిపా, మా ఆయన అయితే అంతవరకు అవసరమా, టైమింగ్స్ మార్చమని మాత్రం అడుగు చాలు అన్నారు. ఆయన భయం కూడా న్యాయమే, మా ఇద్దరిలో ఎవరి ఉద్యోగం ఊగినా కొంప మొత్తం ఊగుద్ది ఇక్కడ. పంపేశా. పొద్దున 7 కి మొదలుపెడతా, మధ్యాహ్నం గంటన్నర ఆఫ్‌లో ఉంటా అని కూడా రాశా. గంటకి రిప్లై, ఓకే, చెప్పినందుకు థ్యాంక్స్, కస్టమర్ కాల్స్ ఉన్న రోజు మాత్రం ముందే చెప్పు, అని. అంతే! నేను ఆ గంటలో రెండుసార్లు బాత్రూంకి వెళ్ళి ఏడ్చొచ్చా, అది వేరే సంగతి. అందుకే ఈ వీడియో లేటు, పని గంటల్లో తీసిన క్లిప్పులన్నీ తీసేశా, మళ్ళీ ఖాళీ టైంలో షూట్ చేసుకున్నా. వంకాయ కూర వీడియో ఉంచాలా తీసేయాలా అని ఇంకా తేల్చుకోలేదు.

పిల్లోడి విషయం. ఇంటర్వ్యూలో కూర్చోను అని చెప్పేశా, కాకపోతే ఈసారి తగ్గి చెప్పా. రోజూ రాత్రి 9 నుంచి 10 దాకా మా డైనింగ్ టేబుల్ మీద మాక్ ఇంటర్వ్యూ చేస్తా, తిని వెళ్ళు అన్నా. వస్తున్నాడు. శుక్రవారం ఇంటర్వ్యూకి వేరే ఎవర్నన్నా పెట్టుకున్నాడా అంటే, వెళ్ళలేదు అక్కా అన్నాడు, రెజ్యూమే మార్చావా అంటే, చూస్తున్నా అన్నాడు. నమ్మాలో లేదో నాకు తెలీదు, ఇంక గుచ్చలేదు.

ఒక కోరిక మాత్రం నన్ను బాగా లాగుతుంది, దాచను. రోజూ ఇంటికొచ్చి తింటున్నాడు కదా, మెల్లగా ఒక బైబిల్ చేతిలో పెడదామా, ఆరాధనకి ముందు నుంచే రమ్మందామా అని. అప్పుడు మా నాయనమ్మ చెప్పిన క్లౌ దొరగారి సంగతి గుర్తొస్తది, మన ఒంగోలు వైపు పనిచేసిన అమెరికన్ మిషనరీ. ఇక్కడ టెక్సాస్‌లో చాలా కార్ల నంబర్ ప్లేట్ల మీద లోన్ స్టార్ స్టేట్, అంటే ఒంటి నక్షత్రం రాష్ట్రం అని ఉంటది చూడండి, అమెరికా బాప్టిస్టుల మన నెల్లూరు మిషన్‌కి కూడా లోన్ స్టార్ అనే పేరు! 1840లో మొదలైంది, ఏళ్ళ తరబడి పెద్దగా ఎవరూ చేరక 1853లో మూసేద్దామా అని అమెరికాలో చర్చ పెట్టారంట, మ్యాప్‌లో బర్మా వైపు బోలెడు నక్షత్రాలు, ఈ పక్క మన నెల్లూరుది ఒక్కటే చుక్క, అట్టా వచ్చింది ఆ పేరు. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు, బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు కాంట్రాక్టు ఈయనే పట్టి ఆకలితో ఉన్న జనానికి పనిచ్చాడు, ఆయనకి సర్వే పని వచ్చు. ఇందులో నాకు నచ్చేది ఏంటంటే, ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని జనం వచ్చి అడుగుతున్నా నెలల తరబడి ఇవ్వలేదు, కూలి కోసం వస్తున్నారేమో అని. కరువు సాయం ఆగిపోయాకే, 1878 జులై 3న ఒక్క రోజులో గుండ్లకమ్మ ఏట్లో 2,222 మందికి ఇచ్చారు. అందరూ ఆ 2,222 చెప్పుకుంటారు, మా నాయనమ్మ మాత్రం ముందు సంగతే చెప్పేది, "అన్నం పెట్టేటప్పుడు ఇంకేదీ అడగొద్దే" అని. అందుకని పిల్లోడికి అన్నం, మాక్ ఇంటర్వ్యూ, అంతవరకే. వాడే అడిగిన రోజు చూద్దాం.

సరే, టేబుల్. నాయనమ్మ అనుకుంటుంటేనే గుర్తొచ్చింది, ఆవిడ తెల్ల చీరకి పసుపు అంటితే ఉతికి ఎండలో ఆరేసేది, పసుపు మరక సబ్బుకి పోదు ఎండకి పోద్ది అనేది. ఈ ఆదివారం గంట ముందే పర్మిషన్ అడిగి వెళ్ళాం, ఇదిగో ఇప్పుడు మీరు చూస్తున్నది అదే, పార్కింగ్ లాట్. పిల్లోడు, మా ఆయన కలిసి మోస్తున్నారు. ముందు డిష్ సోప్‌తో కడిగి నిమ్మరసం రాసి ఎండకి తిప్పి పెట్టాం. టైమ్ ల్యాప్స్ పెట్టా చూడండి, కూడిక అయ్యేలోపు ఆ పచ్చదనం లేత మీగడ రంగులోకి వచ్చేసింది. అంచున సన్నగా ఒక గీత మిగిలింది, వచ్చే వారం మళ్ళీ పెడతాం.

పెద్దావిడ అల్లిక పట్టుకునే బయటికొచ్చింది. మరక ఉన్నచోట వేలితో రాసి చూసి, ఏం వేశారు అని అడిగింది. ఎండ అన్నా. పోయిన వారం ఇది దాచింది నేనే, సారీ అని కూడా చెప్పా. ఏమీ అనలేదు, లోపలికి పోయింది. అయిపోయింది, ఇక హాలు ఇవ్వరేమో అని మా ఆయన మొహం చూడాలి. రెండు నిమిషాలకి ఆవిడే ఆ టేప్ అంటించిన టేబుల్ ఒకటి ఈడ్చుకుంటూ వస్తుంది, పిల్లోడు పరిగెత్తి ఇంకో కొస పట్టుకున్నాడు. టేప్ అయితే ఇంకా పీకలేదండి.