నీళ్ళు పారిన దారినే బాలి చూడండి

అందరికీ నమస్కారమండి. పెద్దలకి, అక్కచెల్లెళ్ళకి, వెనకాల నిలబడ్డ కుర్రాళ్ళకి కూడా. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి నాయనా, కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను.

కార్తీక పున్నమి ముందు, మన బరంపురంలో, తెలుగువాళ్ళంతా ఒకచోట చేరినప్పుడు ఇండోనేషియాలోని బాలి దీవి గురించి చెప్పమన్నారు, ఇంతకంటే మంచి అదను దొరకదు. పున్నమి తెల్లారగట్ల మన పిల్లలే అరటి డొప్ప పడవల్లో దీపం, తమలపాకు, వక్క పెట్టి చెరువులో వదుల్తారు, గోపాలపురం వెళ్ళి సముద్రంలో వదిలేవాళ్ళూ ఉన్నారు, అటు కటకంలో మహానది ఒడ్డున బాలియాత్ర మొదలవుతుంది. ఈశాన్య గాలి తిరిగాక కళింగ నావికులు తూర్పు దీవులకి బయల్దేరేవాళ్ళు కదా, ఆ గుర్తన్నమాట. ఎక్కడో దూరం కూడా కాదు, మన గంజాం జిల్లాలోనే, చిలికా దక్షిణం కొసన పాలూరు ఉంది, గ్రీకు భూగోళ రచయిత టాలెమీ రాసిన పాలౌరా రేవు ఇదేనని చాలామంది చరిత్రకారులు అంటారు. బాలి ఉత్తర తీరంలో సెంబిరాన్ అనే ఊళ్ళో తవ్వితే దాదాపు రెండు వేల ఏళ్ళ నాటి భారతదేశపు కుండపెంకులు దొరికాయి, అదే రకం పెంకులు మన చిలికా గట్టున మాణికపట్నంలోనూ దొరికాయి. అంటే రాకపోకలు కథలు కావు, నిజంగా జరిగినవే.

మరి ఇప్పుడు మనవాళ్ళు ఎలా వెళ్తున్నారంటే, బెంగళూరు వెళ్ళి ఫ్లైటెక్కి, ప్యాకేజీలో రోజుకి నాలుగు గుళ్ళు, గేటు ముందు ఫోటో, ఉయ్యాల మీద ఫోటో, రాత్రికి హోటల్లో పన్నీరు కూర. వాళ్ళని తప్పు పట్టట్లేదు, ఖర్చు పెట్టుకుని వెళ్ళారు, సంతోషంగా తిరిగొచ్చారు. కానీ అడిగితే గుళ్ళన్నీ ఒకేలా ఉన్నాయండి, లోపల విగ్రహం కూడా లేదండి అంటారు, అక్కడే నాకు బాధేస్తుంది, ఎందుకంటే బాలిలో గుడి సంగతి తెలియాలంటే విగ్రహం వెతక్కూడదు, నీళ్ళు ఎటు పారుతున్నాయో చూడాలి. నేను ఉద్యోగమంతా కాలవ గట్ల మీద చేసినవాణ్ణి, షట్టర్లు, తూములు, నీళ్ళు వదిలే లస్కర్లు, చివరి ఊళ్ళ తగువులు, ఇదే నా బతుకు. అందుకని నేను చూసిన వరసలోనే చెప్తాను, కొండ మీంచి సముద్రం దాకా.

పైన మొదలెడదాం. కింతామణి అని కొండ ప్రాంతం, అక్కడ బతూర్ అగ్నిపర్వతం, దాని పాత నోట్లోనే పెద్ద చెరువు, బాలిలో అన్నిటికంటే పెద్దది. గట్టు మీద ఉలున్ దాను బతూర్ గుడి, దేవి దాను అంటే చెరువు దేవత, ఆవిడది. 1926లో లావా వచ్చి కింద ఉన్న పాత ఊరినీ గుడినీ కప్పేస్తే ఊరు ఊరంతా పైకొచ్చి మళ్ళీ కట్టుకున్నారు. కిందనున్న వరి పొలాల రైతులు పంటలో భాగం పట్టుకుని ఇక్కడికొచ్చి పూజ చేసి, తీర్థం పట్టుకెళ్ళి తమ మడి తూము దగ్గర పోసుకుంటారు. ఆ చెరువులోంచి పైకి కనపడే కాలవ ఏమీ ఉండదు, నీళ్ళు భూమిలోకి ఇంకి కింద ఊటలుగా వస్తాయి, ఆ సంగతి రైతులకి తరతరాలుగా తెలుసు, అందుకే ఊట దగ్గర గుడి, ఆనకట్ట దగ్గర గుడి, కాలవ చీలిన చోట గుడి, ఆఖరికి ప్రతి రైతు మడి మూల కూడా వరి తల్లి దేవి శ్రీకి చిన్న వెదురు గూడు.

ఈ రైతుల సంఘాన్ని సుబక్ అంటారు. ఒకే నీటి వనరు మీద బతికే వాళ్ళందరూ ఒక సుబక్, ఒక్కోదాంట్లో 50 నుంచి 400 మంది దాకా, దీవి మొత్తం మీద 1,200 దాకా ఉన్నాయి. పెద్దని పెకసే అంటారు, వాళ్ళకి వాళ్ళు రాసుకున్న కట్టుబాట్లున్నాయి, మీటింగుకి రాకపోతే జరిమానా, నీళ్ళు దొంగిలిస్తే జరిమానా. 2012లో యునెస్కో ఈ సుబక్‌లున్న కొన్ని చోట్లని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది.

ఇప్పుడు నాకు బాగా నచ్చింది చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి. కాలవ రెండుగానో మూడుగానో చీలే చోట అడ్డంగా ఒక దుంగ పడేసి ఉంటుంది. దుంగ పై అంచున గాట్లు. ఒకటి బెత్తెడు, ఒకటి రెండు బెత్తెలు, ఇంకోటి జానెడు. అంతే. ఏ గాటు ఎంత వెడల్పు ఉంటే అటు అన్ని వంతుల నీళ్ళు. కాలవలో నీళ్ళు నిండుగా ఉన్నా, సన్నగా ఉన్నా వాటా మాత్రం మారదు, ఎక్కువొస్తే అందరికీ ఎక్కువ, తక్కువైతే అందరికీ తక్కువ. షట్టరు లేదు, దానికి తాళం లేదు, తాళం చెవి ఎవరి దగ్గరుందన్న గొడవ లేదు. చదువు రాని ముసలాయన కూడా గట్టు మీంచి వంగి చూసి తన వాటా సరిగ్గా వస్తోందో లేదో చెప్పగలడు. నేను ఆ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను, మా ఆవిడ ఫోటోలు తీసుకుందాం రమ్మంటుంటే కూడా లేవలేదు.

కానీ అసలు ప్రశ్న ఇది. పై ఊరి వాడు కింది ఊరి వాడికి నీళ్ళు ఎందుకు వదలాలి? మన దగ్గర కాలవ చివరి, టెయిల్ ఎండ్ రైతుని అడగండి, ఉభాలు అంటే నాట్లు అయ్యే టైముకి నీళ్ళు రావు, వచ్చే టైముకి నారు ముదిరిపోతుంది. బాలిలో పై వాడు వదుల్తాడు, దానికి కారణం పురుగు. ఒక మడిలో కోత అయి పక్క మడి పచ్చగా ఉంటే పైరు రసం పీల్చే వరి దోమ, ఎలకలు ఇందులోంచి అందులోకి పోతాయి, ఏడాదంతా బతికేస్తాయి. అదే ఒక ప్రాంతమంతా ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, ఒకేసారి నీళ్ళు పెట్టి వదిలేస్తే తినడానికి ఏమీ ఉండక పురుగు చస్తుంది. అలా ఒకేసారి జరగాలంటే కింది వాడికి కూడా టైముకి నీళ్ళందాలి. కాబట్టి పై వాడు నీళ్ళిస్తాడు, కింది వాడు తనతోపాటు పొలం ఖాళీ పెడతాడు, ఇద్దరి పంటా నిలుస్తుంది. ఈ తేదీలన్నీ కుదిర్చేది గుడి. పూజ ఎప్పుడో చెప్తే నాట్లు ఎప్పుడో చెప్పినట్టే.

1970ల్లో హరిత విప్లవం వచ్చింది, కొత్త వంగడాలు, ఎరువులు, ఎవరి ఇష్టం వాళ్ళది, వీలైనన్ని పంటలు వేసుకోండి అన్నారు, గుడి క్యాలెండర్ పక్కన పెట్టేశారు. మొదట్లో దిగుబడి పెరిగింది, తర్వాత దోమపోటు, ఎలకలు, వైరస్ తెగుళ్ళు విరుచుకుపడ్డాయి. అమెరికన్ ఆంత్రోపాలజిస్టు స్టీఫెన్ లాన్సింగ్, జేమ్స్ క్రీమర్ అనే పర్యావరణ శాస్త్రవేత్తతో కలిసి రెండు నదుల మీది సుబక్‌లన్నిటినీ కంప్యూటర్ మోడల్‌లో పెట్టి చూస్తే, ఎవరికి వాళ్ళు వేసుకున్నదానికంటే, అందరూ ఒకే తేదీకి వేసినదానికంటే కూడా, గుళ్ళు ప్రాంతాల వారీగా తేదీలు కుదిర్చిన పద్ధతిలోనే పంట బాగుందని తేలింది. గుడి తేదీలు మళ్ళీ వచ్చాయి. ఇది విన్నాక వెళ్ళండి, అప్పుడు జతిలువి అనే ఊళ్ళో ఆ మెట్ల పొలాల ముందు నిలబడితే మీకు పచ్చదనం ఒక్కటే కనపడదు, ఎక్కడ కోత అయింది, ఎక్కడ నారు పోశారు, ఎక్కడ బాతుల్ని వదిలారు, అన్నీ కనపడతాయి. బాతులు అంటే కోతయ్యాక మళ్ళలో వదుల్తారు, రాలిన గింజలూ పురుగులూ ఏరుకు తింటాయి, ఓ కర్రకి గుడ్డముక్క కట్టి గట్టు మీద పాతితే దాని చుట్టూనే తిరుగుతాయి.

బతూర్ చెరువు వైపు నించి దిగితే తంపక్‌సిరింగ్ ఊళ్ళో తీర్థ ఎంపుల్, 10వ శతాబ్దం నాటి గుడి. నేలలోంచి నీళ్ళు బుడగలు బుడగలుగా ఉబికొస్తుంటాయి, కిందనున్న ఇసక ఆడుతుంటుంది, ఆ నీళ్ళే కోనేట్లోకి ధారలుగా పడతాయి. వరసలో నిలబడి ఒక్కో ధార కింద తల పెట్టాలి, అయితే చనిపోయినవాళ్ళ కర్మలకి వాడే ధారలు విడిగా ఉంటాయి, వాటి దగ్గర తల పెట్టకుండా దాటేస్తారు, ముందున్న వాళ్ళని చూసి అలాగే చెయ్యండి. ఇక్కడ వాడిన నీళ్ళు కూడా వృథా కావు, బయటికెళ్ళి పొలాల్లోకే పోతాయి. పైన గట్టు మీద కనపడే భవనం ఇండోనేషియా మొదటి ప్రెసిడెంటు సుకర్ణో కట్టించిన బంగళా. సుకర్ణో అంటే మనకి బిజూబాబు, అదే బిజూ పట్నాయక్, గుర్తొస్తారు కదా, 1947లో స్వయంగా విమానం నడుపుకెళ్ళి ఇండోనేషియా నాయకుడు షరీర్‌ని డచ్చివాళ్ళ కళ్ళుగప్పి తీసుకొచ్చిన మనిషి, వాళ్ళు భూమిపుత్ర అని గౌరవించారు. అక్కడి పెద్దవాళ్ళకి ఒడిశా నుంచి వచ్చామని చెప్పండి, ఒక్కోసారి ముఖం వెలుగుతుంది.

విగ్రహం సంగతి చెప్పాలి. బాలి గుళ్ళో మూడు ఆవరణలు, లోపలి దాంట్లో పద్మాసనం అని ఎత్తైన రాతి పీఠం, కింద తాబేలు, దానికి చుట్టుకున్న పాములు, పైన ఖాళీ కుర్చీ. దేవుడు ఎప్పుడూ అక్కడే ఉంటాడని వాళ్ళు అనుకోరు, పండక్కి పిలుస్తారు, వస్తాడు, మళ్ళీ సాగనంపుతారు. మన ఠాకురాణి యాత్రలో గ్రామదేవత బుడ్ఢి ఠాకురాణిని నేతగాళ్ళ కులపెద్ద దేశిబెహెరా ఇంటికి తీసుకొచ్చి పూజలు చేసి తిరిగి సాగనంపట్లేదా? బరంపురం వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. గుడి పుట్టినరోజుని ఒదాలన్ అంటారు, చాలా గుళ్ళకి 210 రోజులకోసారి వస్తుంది. మీరున్న రోజుల్లో దగ్గర్లో ఎక్కడ ఒదాలన్ ఉందో హోమ్‌స్టే వాళ్ళని అడగండి, పేరున్న గుడి ఒకటి మానేసైనా సరే అక్కడికెళ్ళండి, తల మీద పళ్ళ గోపురాలు మోసుకొచ్చే ఆడవాళ్ళు, గమెలాన్ వాయిద్యం, తీర్థం చల్లి నుదుటికి బియ్యం గింజలు అద్దడం, ఇదంతా మీ కోసం పెట్టిన షో కాదు, వాళ్ళ పండగ.

అగుంగ్ పర్వతం మీది బెసాకిహ్ తల్లి గుడి తప్పకుండా చూడండి, 1963లో అక్కడ వందేళ్ళకోసారి చేసే పెద్ద క్రతువు జరుగుతుండగానే పర్వతం బద్దలైంది, వెయ్యి మందికి పైగా పోయారు, లావా మాత్రం గుడి పక్కనించి పోయింది. తనాలోత్, ఉలువతు సముద్రపు గుళ్ళు అందరూ చూసేవే, ఎక్కువ చెప్పను. ఉలువతులో కోతులు కళ్ళజోళ్ళు లాగేస్తాయి, జాగ్రత్త.

దానికంటే తూర్పు తీరంలో కుసాంబా వెళ్ళండి. నల్ల ఇసక బీచి. ఇసక చదును చేసి కావిడితో సముద్రపు నీళ్ళు తెచ్చి చల్లుతారు, ఎండాక ఉప్పు పట్టిన ఆ ఇసకని గోకి తొట్టెలో వేసి, మళ్ళీ నీళ్ళు పోసి వడగట్టి, ఆ చిక్కటి నీళ్ళని నిలువునా చీల్చి దొలిచిన కొబ్బరి మొద్దుల్లో ఎండబెడతారు. మన హుమ్మా ఉప్పు మళ్ళు చూసినవాళ్ళు ఆ మొద్దుల దగ్గర అరగంట నిలబడిపోతారు. ఆ పక్కనే తెంగనాన్ ఊరు, ఇక్కడ కూర్చున్న పట్టు నేతగాళ్ళ కోసం చెప్తున్నాను, పడుగూ పేకా రెండూ ముందే కట్టి అద్దకం వేసి నేసే గెరింగ్సింగ్ బట్ట ఇండోనేషియా మొత్తంలో ఆ ఒక్క ఊళ్ళోనే. నూలుని ముందు నూనె, బూడిద నీళ్ళలో నానేస్తారు, అచ్చం మన చీరాల తేలియా రుమాలుకి చేసినట్టే. ఒక్క బట్టకి ఏళ్ళు పడుతుంది. బేరం ఆడకండి.

రోజూ పొద్దున్నే దేవుడికి పెట్టడానికి కొబ్బరి లేతాకుతో బుట్ట అల్లి, తూర్పున తెలుపు, దక్షిణాన ఎరుపు, పడమర పసుపు, ఉత్తరాన నీలమో పచ్చో పువ్వులు పెట్టి షాపు ముందు, స్కూటర్ మీద, కాలవ గట్టున పెడతారు, నడిచేటప్పుడు కింద చూసుకోండి. సాయంత్రం అక్కడి టీవీలో గాయత్రి వినపడుతుంది. లెక్క కూడా మన శాలివాహన శకమే, 2025 ఉగాదికి మనకి 1947 వస్తే వాళ్ళకీ 1947 వచ్చింది, కాకపోతే వాళ్ళ కొత్త సంవత్సరం న్యెపి నాడు ఇరవై నాలుగు గంటలు లైటు వెయ్యరు, బయటికి రారు, ఎయిర్‌పోర్టు కూడా మూసేస్తారు, టికెట్ చేసేటప్పుడు ఆ తేదీ చూసుకోండి.

ఒక బాధ ఉంది, అది కూడా చెప్పాలి. దక్షిణ బాలిలో వరి మళ్ళు విల్లాలైపోతున్నాయి, హోటళ్ళు బోర్లు వేసి నీళ్ళు తోడేస్తున్నాయి, కాలవకి అడ్డంగా గోడ లేస్తే కింద ఉన్న సుబక్ ఎండిపోతుంది. మనం వెళ్ళి ఎక్కడ ఉంటామో దానికి లెక్కుంది. పొలం పక్కన ఊరివాళ్ళ హోమ్‌స్టేలో ఉండండి, సిదెమెన్‌లో, జతిలువిలో ఉన్నాయి, డబ్బు రైతు ఇంటికి పోతుంది. శాకాహారులు సోయాతో చేసే తెంపే, తోఫు అడగండి, పచ్చళ్ళలో రొయ్యల ముద్ద కలుపుతారు, వద్దని ముందే చెప్పండి. గుళ్ళోకి లుంగీలాంటి సరోంగ్, నడుముకి పట్టీ ఉండాలి, మైల ఉన్నవాళ్ళు లోపలికెళ్ళకూడదు. వీసా 5 లక్షల రూపయ్య, బాలి పన్ను ఇంకో లక్షన్నర, వాళ్ళ రూపయ్యలండి, కంగారుపడకండి. నవంబరు నుంచి మార్చి దాకా వానలు, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా బాగుంటుంది.

నేను, ఇంకొంతమంది కలిసి మే నెలలో మన కాలవ చివరి ఊళ్ళ రైతుల్ని కొంతమందిని తీసుకెళ్దామని చూస్తున్నాం, ఆ దుంగ గాట్లు వాళ్ళు కళ్ళారా చూడాలి, ఒక పెకసేతో కూర్చుని మాట్లాడాలి. మన ఉభాలు మొదలయ్యేలోపు తిరిగొచ్చేస్తాం. వచ్చేవాళ్ళు బయట టేబుల్ దగ్గర పేరు, ఊరు రాసి వెళ్ళండి, ఖర్చు చాలనివాళ్ళు కూడా రాయండి, మిగతావాళ్ళం తలో చెయ్యి వేస్తాం. పాస్‌పోర్టు లేకపోతే ఈ వారమే అప్లై చెయ్యండి. ఇంక అడగాల్సినవి ఉంటే అడగండి, వెనకాలవాళ్ళు గట్టిగా అడగండి.