కూడాల్నా సార్, తీసెయ్యాల్నా?

వేదిక మీది పెద్దలకు, చుట్టుపక్కల బడులన్నీ కలిసే ఈ స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకు వచ్చిన టీచర్లకు నమస్కారం. పేరుపేరునా చెబితే భోజనాల టైం అయిపోతుంది, ఏమనుకోకండి. ఇవాళ డిసెంబర్ 22, లెక్కల మేధావి రామానుజన్ పుట్టినరోజు. ఆయన గురించి మాట్లాడమని పిలిచారు. కానీ రెండో తరగతి గొడవ ఒకటి నా కడుపులో ఉంది, అది కక్కితే గానీ ఆయన దాకా వెళ్లలేను.

మన నల్గొండ బడుల్లో ఒక చార్టు చాలాచోట్ల చూశాను. 'మొత్తం' అంటే కూడిక, 'మిగిలినవి' అంటే తీసివేత, 'ఎక్కువ' అంటే మళ్లీ కూడిక. సరే, ఈ లెక్క ఇవ్వండి. రవి దగ్గర 8 బత్తాయిలున్నాయి. లత దగ్గరున్న వాటికంటే ఇవి 3 ఎక్కువ. లత దగ్గరెన్ని? 'ఎక్కువ' కనబడగానే పిల్లలు 11 రాస్తారు. చార్టు ప్రకారం రైటే మరి! కథ చదవకపోయినా లెక్క చేయొచ్చని మనమే నేర్పాం. అందుకే పలక పట్టుకోగానే "కూడాల్నా సార్, తీసెయ్యాల్నా?" అంటారు.

1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక వయసు తేల్చారు. నవ్వకండి సార్, రేపు మీ క్లాసులో అడిగి చూడండి.

ఇంకొకటి చెప్పాలి. మా మూడో తరగతి పాప ఒకామె నోటుబుక్కులో 50 లోంచి 32 తీసి 22 వేసింది. సున్నాలోంచి రెండు పోదు కాబట్టి రెండులోంచి సున్నా తీసేసిందన్నమాట. ఇంటు కొట్టాను. సాయంత్రం వాళ్లమ్మ కిరాణం కొట్లో 32 రూపాయల సామాను కొని యాభై నోటిచ్చాను. ఆ పాపే "ముప్పై రెండు" అని మొదలుపెట్టి, ఐదు బిళ్ల, మూడు రూపాయి బిళ్లలు నా చేతిలో పెట్టి "నలభై" అంది. పది నోటు పెట్టి "యాభై, అయిపాయె సార్" అంది. కూడుకుంటూ పోయి తీసివేత చేసింది! ఉద్దెర పద్దులు కూడా ఆమె నోటికే ఉన్నాయి.

పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పాలని 2022లో సర్కారు తొలిమెట్టు కార్యక్రమం తెచ్చినప్పటి నుంచి, ఎవరికి ఎంత వచ్చో రాసే గళ్లు నింపుతున్నాం. ఈ పాపను ఏ గడిలో వేయాలి, మేడమ్, మీరు చెప్పండి?

వంట అయిందంటున్నారు. రామానుజన్ గారిని వచ్చే ఏడు చూసుకుందాం. తినే ముందు ఒక్క పని. చేతిలో ఉన్న కాగితం మీద, జవాబు 5 వచ్చే తీసివేత కథ ఒకటి రాయండి. అందులో 'మిగిలినవి' అన్న మాట రాకూడదు.