దేవరకు పలక కావాలి, పలక కొట్టేవాళ్లకు ఏం కావాలి?

[తెర మీద: ఎండుగడ్డి మంట. మంటకు దగ్గరగా పలకను తిప్పుతున్న చేతులు.]

ఈ మంట చలి కాచుకోవడానికి వేసింది కాదు. పలకలు కాపుతున్నారు. తోలు గాలిలో తేమను పీల్చుకుంటే వదులవుతుంది, దెబ్బ మూగగా పడుతుంది. వేడి తగిలితే తేమ పోయి తోలు బిగుస్తుంది, శబ్దం ఖంగుమని లేస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో మళ్లీ మళ్లీ కాపాల్సిందే.

మిగతా చోట్ల డప్పు అంటారు. మన అనంతపురం, కడప, కర్నూలు పల్లెల్లో ఎక్కువగా పలక అనే పిలుస్తాం. ఈ వీడియోలో పలక ఎట్లా మోగుతుందో కొంచెం, దాన్ని మోగించే మాదిగ, మాల కళాకారులకు ఊరు ఏమిస్తోందో ఎక్కువగా మాట్లాడుకుందాం.

[దగ్గరి షాట్: రెండు చేతులు, రెండు పుల్లలు.]

గుండ్రటి చట్రం, దాని మీద బిగించిన తోలు. పలకను ఎడమ భుజానికి తగిలించుకుంటారు. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండేది సిర్ర. ఎడమచేతిలో సన్నగా, పొడుగ్గా ఉండేది చిటికెన పుల్ల. సిర్ర లయను నిలబెడితే, చిటికెన పుల్ల ఆ ఖాళీల్లో చకచకా నడుస్తుంది. పెళ్లికి ఒక దెబ్బ, దేవరకు, అంటే ఊరి అమ్మవారి జాతరకు, ఒక దెబ్బ, చావుకు ఒక దెబ్బ. చేన్లో కలుపు తీస్తున్నవాళ్లు కూడా ఆ దెబ్బ విని ఊళ్లో ఏం జరుగుతోందో చెప్పేస్తారు. పుస్తకంలో చూసి నేర్చుకునేది కాదు ఇది. తండ్రి పక్కనో, మామ పక్కనో ఏళ్ల తరబడి నిలబడి, చెవితో విని, చేత్తో పట్టుకున్న విద్య.

దీన్ని మనం ఒక్క మాటతో తేల్చేస్తాం: "వాళ్లకు పుట్టుకతోనే వస్తుందిలే." వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. కానీ ఆ ఒక్క మాటతో వాళ్ల సాధన అంతా లెక్కలోంచి పోతుంది. కష్టపడి నేర్చుకోని దానికి ఫీజు ఎందుకు అనడం ఆ తర్వాత చాలా తేలిక.

[తెర మీద: ఒకవైపు మృదంగం, ఒకవైపు పలక.]

పలకను గుడి లోపలికి ఎందుకు రానివ్వలేదని అడిగితే పెద్దవాళ్లు చెప్పే కారణం ఒకటుంది. అది తోలు, మైల అని. మరి మృదంగాన్ని చూడండి. దానికి రెండు వైపులా ఉన్నది తోలే. ఆవు తోలు, మేక తోలు, వాటిని లాగి పట్టే గేదె తోలు పట్టీలు. ఆ తోలును శుభ్రం చేసి, కోసి, బిగించే పని తరతరాలుగా చేస్తున్నవాళ్లలో చాలామంది దళితులే. మృదంగం వేదిక మీద, శాలువా కప్పుకున్న విద్వాంసుడి ఒళ్లో ఉంటుంది. సన్నాయి, డోలు గుడిలోకి వెళ్తాయి. పలక మాత్రం వీధిలో. తోలు అన్నింటిలోనూ తోలే కదా, తేడా ఎక్కడ వచ్చింది? కొట్టే మనిషి కులం దగ్గర వచ్చింది. మైల అనే కారణం వాద్యం గురించి చెప్పింది కాదని నాకు గట్టిగా అనిపించేది ఇక్కడే.

[తెర మీద: పెళ్లి షామియానా, పక్కన చింతచెట్టు.]

మా వైపు ఒక పెళ్లిలో చూసింది చెప్తాను. డీజే వాళ్లకు నెల ముందే అడ్వాన్స్ పోయింది. షామియానాకు, వంటవాళ్లకు కూడా. పలకల వాళ్లకు మాత్రం "పని కానీ, చూద్దాంలే" అన్నారు. ఊరేగింపు మొత్తం వాళ్ల మీదే నడిచింది. బంతి భోజనాలు మూడు విడతలు అయ్యాయి. పలకలు కొట్టినవాళ్లు చింతచెట్టు కింద విస్తళ్లు చేత పట్టుకుని, మిగిలింది వడ్డించేదాకా కూర్చున్నారు. వాళ్లలో అరవై దాటిన ఒక పెద్దాయన ఉన్నాడు. పెళ్లికొడుకు స్నేహితుడు, మహా అయితే ఇరవై ఏళ్లుంటాయేమో, "ఏమిరా, ఇంకొంచెం గట్టిగా కొట్టు" అన్నాడు. పక్కన ఒక్కరూ ఏమీ అనలేదు. డబ్బుల కోసం ఆ పెద్దాయన మరుసటి రోజు మళ్లీ ఆ ఇంటికి వెళ్లి, గేటు బయట నిలబడాల్సి వచ్చింది.

అందులో ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. అందుకే అది మనకు అన్యాయంలా కనపడదు.

[తెర మీద: రాజ్యాంగం పేజీ. 17, 23 అంకెలు.]

చట్టం సంగతి చూద్దాం. రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఊళ్లో ఎవరైనా చనిపోతే పలక కొట్టడానికి రావాల్సిందే, రాకపోతే ఊరుకోం అంటే అది వెట్టే. రానన్నందుకు కూలి పనులకు పిలవకపోవడం, అంగట్లో సరుకులు ఇవ్వకపోవడం లాంటివి సామాజిక, ఆర్థిక బహిష్కరణ కిందికి వస్తాయి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ దీన్ని నేరంగా చేర్చింది. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. చావుకు పలక కొట్టనని చెప్పే హక్కు కళాకారుడికి ఉంది. ఇష్టపడి కొట్టేవాళ్లూ ఉన్నారు, అది వాళ్ల నిర్ణయం. హక్కంటే ఆ నిర్ణయం వాళ్ల చేతిలో ఉండడమే.

పెన్షన్ కూడా ఒకటుంది. డప్పు కళాకారులకు ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 4,000 రూపాయలు వస్తోంది. 2024కు ముందు 3,000 ఉండేది. నేను దీన్ని చిన్నచూపు చూడను, వయసు మళ్లిన చేతులకు అది పెద్ద ఆసరా. అయితే అది ప్రభుత్వం ఇచ్చేది. ఊరు ఇవ్వాల్సింది ఊరే ఇవ్వాలి.

[తెర మీద: రాత్రి, పీర్ల గుండం, చుట్టూ జనం.]

ఊరు తలుచుకుంటే ఇవ్వగలదు కూడా. మన జిల్లాల్లో పీర్ల పండగ (మొహర్రం) రాత్రుల్లో నిప్పుల గుండం చుట్టూ చూడండి. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో పీరుగా కొలిచే కుళ్లాయిస్వామి ముందు హిందువులు, ముస్లింలు కలిసే మొక్కుతారు. పలకలు మోగుతుంటే రెడ్డి పిల్లోడు, బోయ పిల్లోడు, సాయిబు పిల్లోడు ఒకే వరసలో అడుగేస్తారు. ఆ రాత్రికి ఎవరి పక్కన ఎవరున్నారో ఎవరూ చూడరు. తెల్లారాక భోజనాల దగ్గర మళ్లీ వరసలు ఎందుకు విడిపోతున్నాయన్నదే నా బాధ.

ఇంకో మాట. ఆడవాళ్లు కోలాటం బృందాలు కట్టి ఊరూరా తిరుగుతున్నారు, చాలా సంతోషం. పలక మాత్రం ఇంకా మగవాళ్ల భుజం మీదే ఎక్కువ. నేర్చుకుంటానని అడిగిన ఆడపిల్లకు "నీకెందుకమ్మా" అనే జవాబు రాకూడదు.

[తెర మీద: దేవర పాంప్లెట్, వేళ్లు పేర్ల మీద కదులుతూ.]

ఈ ఏడాది మీ ఊళ్లో దేవర కమిటీలో మీరుంటే, పాంప్లెట్ ప్రింటుకు పంపే ముందు ఒకసారి ఆగండి. చందాదారుల పేర్లున్నాయి, డీజే పేరుంది, లైటింగ్ వాళ్ల ఫోన్ నంబర్ కూడా ఉంది. పలక బృందంలో ప్రతి ఒక్కరి పేరూ, "గారు" పెట్టి, అందులో వేయించండి. రేటు ముందే మాట్లాడి, సగం అడ్వాన్స్ ఇచ్చి, మిగతాది ఆ రాత్రే చేతిలో పెట్టండి. భోజనం మొదటి బంతిలోనే, మీ పక్కనే. "పెద్దాయనా, రా, కూర్చో" అని కమిటీ పెద్దమనిషే స్వయంగా పిలవాలి, కుర్రాళ్లు చూస్తుండగా.